ఉప్పు సంత నుంచి వీధి కొట్టు దాకా: మన కంచం మారిన చరిత్ర



ఆగస్టు 9 వస్తే మన వీరుల గురించి, మన థింసా గురించి, మన భాషల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. చెప్పాలి కూడా. నేను మాత్రం ఈ సంచికలో మన ఊళ్లో సరుకులు దొరికే చోటు గురించి రాస్తున్నాను. సంత, షావుకారు కొట్టు, జీసీసీ డిపో, రేషన్ షాపు, ఇప్పుడు వీధి వీధికీ వెలిసిన కిరాణా కొట్టు. ఇది చరిత్ర ఎలా అవుతుందని మీకు అనిపించవచ్చు. రంపలో తిరుగుబాటు లేచినా, 1917లో చట్టం వచ్చినా, 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టినా వాటి వెనక ఈ కొట్టు కథ ఉంది.

నేను గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్‌ని. పిల్లలు రోజూ ఏం తింటున్నారో, ఏం వదిలేస్తున్నారో చూడటం నా ఉద్యోగం. ఆరోగ్య పరీక్షలు చేసినప్పుడు 12 గ్రాములు ఉండాల్సిన హిమోగ్లోబిన్ 8, 9 అని రాసిన కార్డులు చాలా చూశాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. "మనవాళ్లకి తినడం తెలీదు" అని తేల్చేసేవాళ్లు ఉన్నారు. ఆ మాట తప్పని మన చరిత్రే చెబుతుంది. మనిషి తినేది తనకు తెలిసినదాన్ని బట్టి మాత్రమే కాదు, చేతికి అందేదాన్ని బట్టి. ఆ అందుబాటు మన మన్యంలో ఎలా మారుతూ వచ్చిందో చూద్దాం. నాకు బాగా తెలిసిన విశాఖ మన్యాన్ని, అంటే నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాను ముందు పెట్టుకుని చెబుతాను.

కొండ ఇవ్వనిది ఉప్పు

మన పెద్దలు ఏం తినేవారో తెలుసుకోవడానికి మన పండుగలు చూస్తే చాలు. కొర్రకొత్త, కందికొత్త, మామిడికొత్త అంటూ పంట పంటకీ ఒక కొత్త. దేవతకు పెట్టకుండా ఆ పంటను నోట పెట్టుకోరు. ఏడాదిలో ఎన్ని కొత్తలుంటే అన్ని రకాల తిండి మన కంచంలోకి వచ్చేదన్నమాట. పోడులో ఒకే చెక్కలో చోడి, సామ, కొర్ర, కంది, చిక్కుడు కలిపి వేసేవారు. వాన ఒక పంటను దెబ్బతీసినా ఇంకొకటి నిలిచేది. అడవి నుంచి దుంపలు, ఆకుకూరలు, వానాకాలంలో పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు వచ్చేవి. జీలుగు చెట్టు కల్లు ఇచ్చేది, బొడ్డెంగులు ఇచ్చేది. గెడ్డల్లో చేపలు, పీతలు దొరికేవి.

అప్పుడంతా బంగారమే అని నేను చెప్పను. ఆషాఢం, శ్రావణం ఆకలి నెలలు. కొత్త పంట ఇంకా చేలోనే ఉంటుంది, పాత గింజ గాదెలో అయిపోతుంది. అప్పుడు మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడిని ఎండబెట్టి, పిండి చేసి అంబలి కాచేవారు. అది ఇష్టంతో తిన్న తిండి కాదు, గతిలేక తిన్నది. 2001లో మన పొరుగున ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో టెంక అంబలి తాగినవాళ్లు చనిపోయారన్న వార్త దేశమంతా చర్చకు వచ్చింది. టెంక అంబలి తాతల కాలంతోనే పోయిందని అనుకోవద్దు.

కొండ ఎన్ని ఇచ్చినా ఉప్పు మాత్రం ఇవ్వదు. అది సముద్రం ఒడ్డున పండుతుంది. ఎండుచేప, బట్ట కూడా కిందినుంచే రావాలి. కుంపిణీ పాలన నుంచే మద్రాసు రాజధానిలో ఉప్పు సర్కారు గుత్తాధిపత్యంలో ఉండేది కాబట్టి దాని ధర కూడా బరువే. ఆ ఉప్పు కోసం మనవాళ్లు చింతపండు, పసుపు, అడ్డాకులు కావళ్లలో పెట్టుకుని సంతకు నడిచేవారు. మన్యం జ్వరానికి భయపడి మైదానం వాళ్లు వానాకాలంలో కొండ ఎక్కేవారు కాదు. వానలు తగ్గాక వర్తకులు వచ్చేవారు. మనకూ బజారుకూ మొదటి చుట్టరికం ఈ ఉప్పుతో కలిసింది.

షావుకారు తూకం

సంతలో మనవాళ్ల దగ్గర సరుకు ఉండేది, తూకం మాత్రం ఎదుటివాడి చేతిలో ఉండేది. కొనడానికి ఒక కుంచం, అమ్మడానికి ఇంకొక కుంచం వాడే వర్తకుల గురించి ఏ ఊళ్లో పెద్దవాళ్లను అడిగినా చెబుతారు. అంతకంటే పెద్ద ఉరి అప్పు. ఆకలి నెలల్లో షావుకారు గింజలు నాగుకు ఇస్తాడు. పంట రాగానే వడ్డీ గింజలతో కలిపి కొలుచుకుపోతాడు. గాదె మళ్లీ ఖాళీ, మళ్లీ నాగు. అప్పు తీరక అదే ఇంట్లో పాలేర్లుగా ఉండిపోయిన కుటుంబాలు ఉన్నాయి. మన పంటలో మంచి గింజ ముందుగా మన కంచం దాటిపోవడం అప్పుడే మొదలైంది.

1879లో రంపలో తిరుగుబాటు ఎందుకు వచ్చిందని ఆనాటి ప్రభుత్వమే విచారించింది. మూడు కారణాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది కల్లు మీద వేసిన చిగురుపన్ను. మన్యంలో కల్లు మత్తు కోసమే కాదు, తిండి కరువైన రోజుల్లో ఆహారం కూడా. రెండోది పోడు మీద ఆంక్షలు, పన్నులు. మూడోది వర్తకుల మోసం. చదువు రాని కొండవాళ్లతో అన్యాయపు ఒప్పందాలు రాయించుకుని, మైదానంలోని కోర్టుల్లో దావాలు వేసి, ప్రతివాది రాకుండానే డిక్రీలు తెచ్చుకుని, చిన్న అప్పుకు పశువులనూ సొత్తునూ జప్తు చేసుకుపోయేవారు. మన పిల్లల పాఠ్యపుస్తకంలో తిరుగుబాటు అంటే విల్లూ బాణాలూ కనిపిస్తాయి. ఆ బాణం వెనక షావుకారు పద్దు పుస్తకం కూడా ఉందని గుర్తుంచుకోండి.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీత గీసిన చోట పోడు నేరమైంది, దుంప తవ్వడానికి కూడా ఒకరి అనుమతి కావాల్సి వచ్చింది. అడవి తలుపు ఎంత మూసుకుంటే కొట్టు తలుపు అంత తట్టాలి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం కదిలినప్పుడు కూడా అటవీ ఆంక్షలు ఒక కారణమైతే, గూడెం వైపు రోడ్డు పనిలో న్యాయమైన కూలీ ఇవ్వకుండా చేయించిన చాకిరీ ఇంకొకటి. పని చేసినవాడికి గింజలు కొనే డబ్బు చేతికి రాకపోతే ఆ రోడ్డు మీద వచ్చే సరుకు ఎవరి కోసం?

రంప అనుభవం తర్వాత కూడా ప్రభుత్వం మేల్కోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం వచ్చింది. కొండజాతుల వారి నుంచి ఏడాదికి నూటికి 24 కంటే ఎక్కువ వడ్డీ రాబట్టకూడదని, వారి భూమి అనుమతి లేకుండా ఇతరుల చేతుల్లోకి పోకూడదని అది చెప్పింది. దాని కొనసాగింపే 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ. 1/70 అని మనం రోజూ వింటున్నది దీన్నే. దీన్ని భూమి చట్టంగానే చూస్తాం. నా దృష్టిలో ఇది తిండి చట్టం కూడా. చోడి పండే చెక్క పోతే కంచంలో చోడి ఉండదు కదా.

డిపో వచ్చింది

1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. మనం జీసీసీ అని పిలిచేది దాన్నే. దాని ఆలోచన సూటిగా ఉంది. గిరిజనుడి సరుకు ఒకే చోట న్యాయమైన ధరకు కొనాలి, అక్కడే అతనికి కావలసిన ఉప్పు, బియ్యం, పప్పు, కిరసనాయిలు, సబ్బు అమ్మాలి, అవసరానికి అప్పు కూడా ఇవ్వాలి. షావుకారు చేసే మూడు పనులూ మోసం లేకుండా చేయాలన్నమాట. అలా డి.ఆర్. డిపోలు వచ్చాయి. హైదరాబాద్ సంస్థానం వైపు 1940వ దశకంలోనే హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త సలహాలతో ధాన్యం బ్యాంకులు నడిపారు. ఆకలి నెలల్లో గింజలు అప్పుగా తీసుకుని పంటకు కొద్దిపాటి అదనంతో తిరిగి కొలిచే పద్ధతి అది. నాగుకు మందు అదే.

డిపో వచ్చినంత మాత్రాన షావుకారు మాయం కాలేదు. 1960వ దశకం చివర శ్రీకాకుళం ఏజెన్సీలో రగిలిన పోరాటానికి కూడా భూమి, అప్పు రెండూ మూలాలు. 1979లో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయం కొనే హక్కును జీసీసీకే కట్టబెడుతూ నిబంధన వచ్చింది. డిపోలో సరుకు నిండుకున్న రోజులు, కొనేవాడు లేక చింతపండు మళ్లీ ఇంటికి మోసుకొచ్చిన రోజులు ఉన్నాయి. అయినా ఒక మేలు మరిచిపోకూడదు. గోడ మీద రాసిన ధర, ముద్ర వేసిన తూకపు రాయి మన్యంలో చాలామంది మొదట చూసింది డిపోలోనే. అయోడిన్ ఉప్పు కొండ మీదికి చేరడంలో కూడా డిపోల పాత్ర ఉంది. గొంతువాపు జబ్బు మీద దేశం 1962లో కార్యక్రమం మొదలుపెట్టింది. ఏ ఉప్పు కోసం తాతలు మైళ్లు నడిచారో ఆ ఉప్పే మందుగా మారి కొండ ఎక్కింది.

రెండు రూపాయల బియ్యం

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం పథకం తెచ్చింది. 2000లో అంత్యోదయ వచ్చి నిరుపేద కుటుంబానికి మొదట 25 కిలోలు, తర్వాత 35 కిలోలు అంది. 2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు 5 కిలోలు హక్కుగా మార్చింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద ఇచ్చే గింజలు ఉచితం.

ఈ రోజుల్లో తెల్లబియ్యాన్ని తిట్టడం తేలిక. తిట్టేవాళ్లు ఒకసారి ఆషాఢం ఆకలి చూసినవాళ్లతో మాట్లాడాలి. టెంక అంబలిని, నాగును మన ఇళ్ల నుంచి తరిమినదాంట్లో ఈ బియ్యానిది పెద్ద వాటా. రోడ్డు లేని గూడేల్లో ఇప్పటికీ దాని కోసం కష్టపడుతూనే ఉన్నారు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ రేషన్ వాహనాలు వచ్చాయి, 2025 జూన్ నుంచి మళ్లీ షాపులకే మారింది. కొండ మీది గూడేనికి ఈ రెండింటికీ తేడా తక్కువ. బియ్యం రోడ్డు దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి అమ్మ నెత్తి మీదే ఎక్కాలి.

కానీ ఇంకొకటి కూడా జరిగింది. అంతకుముందు వరన్నం పండుగ తిండి. అది రోజువారీ తిండి అయ్యాక చోడి అంబలి పేదతనానికి గుర్తయింది. అందరి ముందూ అంబలి తాగడానికి సిగ్గుపడిన తరం మా తరమే. సామలు దంచడం కష్టం, డిపో బియ్యం కడిగి పొయ్యి మీద పెడితే చాలు. ఇంటి చుట్టూ పనంతా ఆడవాళ్లదే కాబట్టి వాళ్లు తేలికైన దారి ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. ఫలితం మాత్రం ఒంటికి తెలిసింది. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. పొట్ట నిండింది కానీ బియ్యంతో పాటు రావాల్సిన పప్పు, కూర, గుడ్డు రాలేదు.

2013లో అమ్మహస్తం అనే పథకం వచ్చింది. 185 రూపాయలకు తొమ్మిది సరుకులు. కందిపప్పు, పామాయిల్ ఉన్నాయి, మంచిదే. ఆ తొమ్మిదిలో చింతపండు, పసుపు కూడా ఉన్నాయి. మన కొండల్లో ఏరిన చింతపండు, మన చేలల్లో తవ్విన పసుపు ప్యాకెట్లయి కొండ ఎక్కడం నాకు వింతగా అనిపించింది. ఇప్పుడు రాజ్మా సంగతి కూడా అంతే. మన ఏజెన్సీ రాజ్మాకు దేశంలో మంచి పేరుంది. పండించిన ఇంట్లో ఏడాదికి ఎన్నిసార్లు వండుతున్నారో మీ అమ్మను అడగండి.

ఐదు రూపాయల ప్యాకెట్

1960వ దశకంలో కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్‌కు రైలు మార్గం పడింది. తర్వాత ఘాట్ రోడ్లు, జీపులు, ఆటోలు, బైకులు వచ్చాయి. కాఫీ డబ్బు వచ్చింది, ఉపాధి హామీ కూలీ వచ్చింది. ఇంటి ముందు గది కొట్టయింది. ఈ కొట్టు నడిపేది చాలాసార్లు మన అక్కే, మన బావే. తాతల కాలంతో పోలిస్తే ఇదొక విజయం. ఉప్పు కోసం నడక లేదు, నాగు లేదు.

ఆ కొట్టులో ఏముందో ఒకసారి చూడండి. వేలాడే చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్లు, నూడుల్స్, కూల్‌డ్రింకులు, గుట్కా. ఆకుకూర లేదు, పండు లేదు, గుడ్లు ఉంటే ఉంటాయి. దీనికి కొట్టు అక్క చెడ్డదని కారణం చెప్పకండి. ఆమె లెక్క వేరు. ప్యాకెట్ నెలల తరబడి పాడవదు, ఫ్రిజ్ అక్కర్లేదు, బైకు మీద తెచ్చినా పగలదు. కంపెనీ సరుకు మండల కేంద్రం దాకా దానంతట అదే వస్తుంది. టమాటా అలా కాదు, రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. నష్టం ఆమెదే. పైగా ఐదు రూపాయలు అనేది కూలీ ఇంటి పిల్లవాడి చేతిలో ఉండే నాణెం. దానికి సరిపోయేలా కొలిచి తయారు చేసిన సరుకు అది.

లెక్కల క్లాసులో పిల్లల చేత ఒక లెక్క చేయించండి. ప్యాకెట్ వెనక బరువు రాసి ఉంటుంది. ఐదు రూపాయల ప్యాకెట్‌లో 12 గ్రాములు ఉంటే కిలో ధర 400 రూపాయలు దాటింది. ఆ ధరకు మన రాజ్మా ఎంత వస్తుందో సంతలో అడిగి చూడండి. అలాంటి రెండు ప్యాకెట్ల డబ్బుకు ఒక గుడ్డు వస్తుంది, గుడ్డులో 6 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. పాత షావుకారు రెండు కుంచాలు వాడాడు, అది కళ్లకు కనబడే మోసం. ఇప్పుడు బరువూ ధరా రెండూ అచ్చు వేసి ఉంటాయి, మోసం అనడానికి లేదు. చదువుకున్న మనమే ఆ అక్షరాలు చదవడం లేదు.

మా హాస్టల్లో సెలవుల నుంచి వచ్చిన పిల్లలతో ఒక పని చేయిస్తాను. అవ్వ సంత సంచిలో ఏముండేది, అమ్మ సంచిలో ఏముండేది, ఇప్పుడు మన సంచిలో ఏముంది అని మూడు వరుసల్లో రాయమంటాను. అవ్వ వరుసలో ఉప్పు, ఎండుచేప, బట్ట. అమ్మ వరుసలో బియ్యం, నూనె, సబ్బు, ఉల్లిపాయలు. పిల్లల వరుస రాస్తున్నకొద్దీ పెరుగుతుంది, కానీ దాంట్లో వంటకు పనికొచ్చేవి తగ్గుతాయి. రాశాక వాళ్లే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నేను ఉపన్యాసం ఇవ్వాల్సిన అవసరం ఉండదు.

ఇప్పుడు మన వంతు

ఈ చరిత్రలో మూడు ప్రశ్నలు వరుసగా వచ్చాయి. తూకం ఎవరిది? ధర ఎవరు చెప్పాలి? కొట్టులో ఏ సరుకు ఉండాలి? మొదటిదాని కోసం మన ముత్తాతలు తిరగబడ్డారు. రెండోదాని కోసం మన తాతలు పోరాడితే డిపోలు, చట్టాలు వచ్చాయి. మూడోది ఎవరూ గట్టిగా అడగలేదు. అది మీ తరం అడగాల్సిన ప్రశ్న.

అడగడానికి చేతిలో చట్టం ఉంది. 1996లో వచ్చిన పెసా చట్టం ఊరి సంతల నిర్వహణ, గిరిజనులకు ఇచ్చే అప్పుల మీద అదుపు, మత్తు పదార్థాల నియంత్రణ, చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం వంటి అధికారాలను గ్రామసభకూ పంచాయతీకీ ఇవ్వాలని చెబుతుంది. దీనికి మన రాష్ట్రంలో 2011లో నియమాలు కూడా వచ్చాయి. గ్రామసభ అంటే పింఛన్లు, ఇళ్ల స్థలాల సమావేశం అనుకుంటున్నాం. అక్కడే సంత గురించి మాట్లాడవచ్చు. కాటాల మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా? బడి పక్కన గుట్కా ఎందుకు అమ్ముతున్నారు? డిపోలో బియ్యంతో పాటు మన ఊరి చోళ్లు, కందులు కొని మన ఊళ్లోనే ఎందుకు అమ్మకూడదు? ఈ మూడు ప్రశ్నలు తీర్మానాలుగా రాయించండి. రాయడం వచ్చినవాళ్లు మీరే కదా.

ఇంటి దగ్గర చేయగలిగినవీ ఉన్నాయి. కొట్టు నడిపే అక్కకు ఊరి కోళ్ల గుడ్లు, పెరటి బొప్పాయి, మునగాకు మీరే అందించండి. ఉదయం తెచ్చిన సరుకు సాయంత్రానికి అమ్ముడైతే ఆమెకు కుళ్లిపోయే భయం ఉండదు. సంతకు రాజ్మా తీసుకెళ్లే ముందు ఏడాదికి ఇంటికి సరిపడా గాదెలో పక్కన పెట్టించండి. అమ్మగా మిగిలింది తినడం కాదు, తినగా మిగిలింది అమ్మడం మన పాత పద్ధతి.

2023లో మన రాష్ట్రంలో బడి పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. మా తరం సిగ్గుపడి దాచుకున్న చోడి అంబలే రాగిజావ అనే పేరుతో ప్రభుత్వం గ్లాసులో తిరిగి వచ్చింది. మీరు దాన్ని సిగ్గు లేకుండా, అవ్వ పెట్టిన పేరుతోనే తాగండి. రేపు ఊళ్లోని కొట్టు ముందు నిలబడినప్పుడు ఈ చరిత్ర గుర్తుంచుకుని, "అక్కా, మన ఊరి చోళ్లు, గుడ్లు ఉన్నాయా?" అని అడగండి. పదిమంది అడిగితే మర్నాటి సంత నుంచి అక్క వాటిని తెచ్చి పెడుతుంది.

ఆదివాసీ దినోత్సవ శుభాకాంక్షలు.